వంతెన ముందు, దారి తర్వాత

తెలియని ప్రాంతంలో బైకు మీద రద్దీ లేని దారి దొరకడం అదృష్టం మీద ఆధారపడిన సంగతని చాలామంది అనుకుంటారు. పెద్ద రోడ్డు దిగి, కనిపించిన పల్లెదారి పట్టుకుని, ఎటు తేలితే అటు పోవడమే పద్ధతి అనుకుంటారు. అలా వెళ్లినవాళ్లలో సగంమంది ఏ పొలం గట్టు దగ్గరో, వంతెన లేని ఏటి ఒడ్డునో ఆగిపోయి, వచ్చిన దారినే వెనక్కి తిరిగి మళ్లీ లారీల మధ్యకు చేరతారు. అసలు దీనికో పద్ధతి ఉంది. కొంత గణితం, కొంత భూగోళం, కొంత నీటిపారుదల ఇంజినీరింగు కలిస్తే ఆ పద్ధతి తయారవుతుంది. ముందు దాటే చోట్లు వెతకాలి, ఆ తర్వాతే దారులు వెతకాలి. నదిని, రైలుకట్టను, పెద్ద రహదారిని ఎక్కడ దాటాలో తేలితే మిగతా దారి చాలావరకు దానంతటదే తేలుతుంది.

ఈ సంగతి గోదావరి డెల్టాలో తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు. రాజమహేంద్రవరం నుంచి నరసాపురం వెళ్లాలనుకుందాం. సుమారు 80 కిలోమీటర్లు. రహదారి మీద పోతే రావులపాలెం, తణుకు, పాలకొల్లు మీదుగా దారి సాగుతుంది. అదే రెండు ఊళ్ల మధ్య కాలువ గట్లు, ఏటిగట్లు, కొబ్బరితోటల మధ్య ఊరి రోడ్లు కలుపుకుంటూ కోనసీమను ఏటవాలుగా దాటి పోయే మరో దారి కూడా ఉంది. దాన్ని ఫోను తనంతట తాను చూపించదు. ఎందుకు చూపించదో అర్థమైతే, ఎలా వెతకాలో కూడా అర్థమవుతుంది.

ఫోను వేసే లెక్క

దారి చూపించే ప్రతి యాప్‌కూ మూలం ఒకటే. 1956లో డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్ బయట కూర్చుని ఇరవై నిమిషాల్లో ఒక పద్ధతి ఆలోచించాడు. కాగితం, కలం కూడా వాడలేదని ఆయనే తర్వాత చెప్పాడు. 1959లో అది అచ్చయింది. ఊళ్లను, కూడళ్లను చుక్కలుగా, రోడ్లను వాటిని కలిపే గీతలుగా తీసుకోవాలి. ప్రతి గీతకూ ఒక ఖర్చు రాసుకోవాలి. బయల్దేరిన చోటి నుంచి తక్కువ ఖర్చుతో చేరగల చుక్కలను ఒక్కొక్కటిగా ఖాయం చేసుకుంటూ పోతే గమ్యం దాకా అతి తక్కువ ఖర్చయ్యే దారి తప్పకుండా దొరుకుతుంది. ఇప్పటి యాప్‌లు ఇదే లెక్కను ఎన్నో రెట్లు వేగంగా చేసే ఉపాయాలు వాడుతున్నాయి.

ఇందులో కీలకమంతా ఆ ఖర్చులోనే ఉంది. యాప్‌లు మామూలుగా రాసుకునే ఖర్చు సమయం. ఉదాహరణకు రెండు ఊళ్ల మధ్య రహదారి మీద 60 కిలోమీటర్లు, పల్లెదారి మీద 48 కిలోమీటర్లు ఉందనుకుందాం. రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల వేగంతో 45 నిమిషాలు పడుతుంది. పల్లెదారిలో గంటకు 35 కిలోమీటర్ల చొప్పున 82 నిమిషాలు పడుతుంది. పల్లెదారి 12 కిలోమీటర్లు దగ్గరైనా ఆ లెక్కలో ఓడిపోతుంది. అడిగిన ప్రతివాడికీ అదే జవాబు వస్తుంది కాబట్టి అందరూ ఒకే రోడ్డు మీదికి చేరతారు.

దీనికి మందుగా చాలామంది యాప్‌లో ‘హైవేలు వద్దు’ అనే మీట నొక్కుతారు. అది కొంతవరకే పనిచేస్తుంది. జాతీయ రహదారిని తప్పించినా యాప్ ఇంకా సమయాన్నే లెక్కిస్తుంది. కనుక తర్వాత వేగంగా పోయే రోడ్డు మీదికి తోస్తుంది. బస్సులు, ఇసుక లారీలు, పెళ్లి వ్యాన్లు తిరిగే రెండు వరుసల రాష్ట్ర రహదారి అది. డివైడరు లేని ఆ రోడ్డు బైకు నడిపేవాడికి నాలుగు వరుసల రహదారి కంటే ప్రమాదం. కావలసింది ఖర్చునే మార్చడం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే కొన్ని యాప్‌లు ఈ వీలు ఇస్తాయి. బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ 2004లో మొదలుపెట్టిన ఆ పటంలో ప్రతి రోడ్డుకూ తరగతి రాసి ఉంటుంది. చాలా రోడ్లకు అది తారో, సిమెంటో, మట్టో కూడా రాసి ఉంటుంది. బీరౌటర్, కుర్విగర్ లాంటి పరికరాల్లో పెద్ద తరగతి రోడ్లకు ఎక్కువ ఖర్చు, చిన్నవాటికి తక్కువ ఖర్చు పెట్టమని అడగవచ్చు.

చెవికి తగ్గేది ఎంత?

రద్దీ లేని దారి కోరుకోవడం వట్టి సరదా కాదు. శరీరానికి దానివల్ల కలిగే మేలును కొలవవచ్చు. రోడ్డు మీద వాహనాల సంఖ్య సగమైతే చప్పుడు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. పదో వంతుకు పడిపోతే 10 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి చప్పుడు సుమారు సగమైనట్టు వినిపిస్తుంది. రహదారి మీద వంద బండ్లు పోయే వ్యవధిలో కాలువ గట్టు మీద ఒక్క బండి పోతే తేడా 20 డెసిబెల్స్. అంటే నాలుగో వంతు చప్పుడు.

బైకు మీద ఉన్నవాడికి ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. గంటకు 65 కిలోమీటర్ల వేగం దాటాక హెల్మెట్ లోపల వినిపించే రొదలో ఇంజిన్ వాటా, పక్క లారీల వాటా తగ్గి, గాలి వాటా ఎక్కువవుతుంది. హెల్మెట్ అంచు కింద, మెడ చుట్టూ సుడులు తిరిగే గాలి చేసే రొద అది. ఆ శబ్దశక్తి వేగానికి ఐదో ఆరో ఘాతం లెక్కన పెరుగుతుంది కనుక, వేగం సగమైతే రొద 15 డెసిబెల్స్‌కు పైగానే తగ్గుతుంది. గంటల తరబడి నూరు కిలోమీటర్ల వేగంతో పోయినవాడికి దిగాక చెవుల్లో గింగురుమనే హోరు, ఒళ్లంతా అలసట ఈ రొద వల్లే చాలావరకు వస్తాయి. నలభైలో పోయేవాడికి పిట్ట కూత, లాకుల దగ్గర నీటి హోరు, ఎదురుగా వచ్చే ట్రాక్టరు చప్పుడు అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. అంటే చిన్న దారి ఇచ్చే ప్రశాంతతలో సగం రోడ్డుది, సగం వేగానిది.

నీళ్లు గీసిన పటం

డెల్టాలో ఏ రోడ్డు ఎందుకు అక్కడ ఉందో తెలియాలంటే నేల ఎలా తయారైందో తెలియాలి. వరదలో గోదావరి ఒడ్డు పొర్లినప్పుడు నీటి వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. బరువైన ఇసుక, ఒండ్రు ఒడ్డు దగ్గరే పడిపోతాయి. సన్నటి బంకమట్టి మాత్రమే దూరం వెళ్లి కుదురుకుంటుంది. వేల ఏళ్లుగా ఇలా జరగడం వల్ల నది పక్క నేల మెరకగా, నదికి దూరంగా ఉన్న నేల పల్లంగా తయారైంది. కొండ ప్రాంతంలో నది లోయలో ఉంటుంది. డెల్టాలో మాత్రం నది, దాని పాత పాయలు చుట్టుపక్కల నేల కంటే ఎత్తైన గట్ల మధ్య పారతాయి. ఎత్తు అంటే మీటరో రెండు మీటర్లో. ధవళేశ్వరం దగ్గర కూడా నేల సముద్రమట్టానికి సుమారు పది పదిహేను మీటర్ల ఎత్తే. అంత చదునైన చోట ఆ ఒక్క మీటరే ఊరు మునగడానికీ మునగకపోవడానికీ తేడా. అందుకే ఊళ్లు, కొబ్బరితోటలు మెరక మీద ఉన్నాయి, వరిచేలు పల్లంలో ఉన్నాయి.

సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పుడు కాలువలను ఈ మెరక వెంటే తీసుకుపోయారు. నీరు ఎత్తున పారితే రెండు వైపులా పల్లపు చేలకు తూములగుండా దానంతటదే దిగుతుంది. మురుగు కాలువలు పల్లం వెంట పారి సముద్రంలో కలుస్తాయి. పంట కాలువకు గట్టు ఉండి తీరాలి, దాన్ని చూసుకోవడానికి గట్టు మీద మనిషి తిరగాలి. అలా వచ్చిన గట్టు దారులు తర్వాత కంకర, ఆ తర్వాత తారు వేసుకుని రోడ్లయ్యాయి.

ఈ చరిత్ర బైకు నడిపేవాడికి చాలా పనికొస్తుంది. ఊరి రోడ్డు ఒక ఊరిని మరో ఊరితో కలపడానికి పుట్టింది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన లాంటి పథకాలు వేసిన రోడ్ల లక్ష్యం ప్రతి ఊరికీ అన్ని కాలాల్లోనూ పనికొచ్చే ఒక్క దారైనా ఇవ్వడం. అది గొప్ప మేలు. కానీ ఒక్క దారి ఇస్తే చాలన్న చోట ఆ రోడ్డు ఊరి చివర ఆగిపోతుంది. పటం మీద పక్క ఊరి రోడ్డు చివరా, ఈ ఊరి రోడ్డు చివరా కిలోమీటరు దూరంలో కనిపిస్తాయి గానీ, మధ్యలో ఉండేది పొలం గట్టే. కాలువ గట్టు సంగతి వేరు. అది నీటి కోసం వేసిన దారి. నీరు మధ్యలో ఆగదు కనుక గట్టూ ఆగదు. ఊరి నడిబొడ్డులోంచి పోకుండా ఊరి పక్కనుంచి పోతుంది. తెగిపోకుండా సాగే దారి, రద్దీ లేని దారి ఒకటే కావడం అరుదు. కాలువ గట్టు ఆ రెండూ అవుతుంది.

సముద్రం దగ్గరపడేకొద్దీ నేల తీరు మారుతుంది. డెల్టా సముద్రంలోకి పెరుగుతూ వెళ్లిన కొద్దీ పాత ఒడ్డులు ఇసుక దిబ్బల వరసలుగా లోపల మిగిలిపోయాయి. అందుకే ఎగువన దారులు నది పాయల్లా విచ్చుకుంటూ పోతే, దిగువన చాలా రోడ్లు తీరానికి సమాంతరంగా ఆ ఇసుక మెరకల మీద సాగుతాయి. ఏ భాగంలో ఉన్నామో తెలిస్తే, పటం చూడకుండానే రోడ్డు ఎటు తిరుగుతుందో ఊహించవచ్చు.

దాటే చోట్లే నిర్ణయిస్తాయి

1736లో లియొనార్డ్ ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరపు ఏడు వంతెనల చిక్కుప్రశ్న మీద పత్రం రాశాడు. అందులో ఆయన చేసిన పెద్ద పని వీధుల పొడవునూ వంకరలనూ పూర్తిగా వదిలేయడం. నేల ముక్కలు ఎన్ని, వాటిని కలిపే వంతెనలు ఎన్ని అన్న రెండే సంగతులు మిగుల్చుకున్నాడు. ఇప్పటి గ్రాఫ్ సిద్ధాంతం అక్కడే పుట్టింది. 2007లో బాస్ట్, ఫుంకె, సాండర్స్, షుల్టెస్ అనే పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఈ దారిలోనే ఇంకో ముఖ్యమైన విషయం చూపించారు. అమెరికా రోడ్ల పటంలో సుమారు 2 కోట్ల 40 లక్షల కూడళ్లున్నాయి. దూరప్రయాణాలన్నీ వాటిలో సుమారు పదివేల కూడళ్ల గుండానే పోతాయి. ఎక్కడి నుంచి బయల్దేరినా ఆ ప్రాంతం దాటి వెళ్లడానికి సగటున పది ద్వారాలే ఉంటాయి. వేగం కోసం కనిపెట్టిన ఈ సంగతి ప్రశాంతత కోసం వెతికేవాడికీ అంతే పనికొస్తుంది. లక్ష రోడ్లను చూడనక్కర్లేదు, కొన్ని ద్వారాలను చూస్తే చాలు.

ఇప్పుడు కోనసీమను ఆయిలర్ కళ్లతో చూద్దాం. ఒక పక్క గౌతమి, మరో పక్క వశిష్ఠ, కింద సముద్రం. లోపల పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ పడమటి ముక్కను వేరు చేస్తుంది. గౌతమి వైపు నుంచి లోపలికి రావడానికి ముఖ్యమైన ద్వారాలు నాలుగు: ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, జొన్నాడ–రావులపాలెం వంతెన, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు, యానాం–ఎదుర్లంక వంతెన. వైనతేయను దాటడానికి పి.గన్నవరం అక్విడక్టు, బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన ఉన్నాయి. వశిష్ఠను దాటి పడమటికి పోవడానికి సిద్ధాంతం వంతెన, చించినాడ వంతెన, సఖినేటిపల్లి–నరసాపురం పంటు (మనుషులను, బండ్లను ఏరు దాటించే పడవ) ఉన్నాయి. పటం మొత్తం పది చుక్కల్లోపు తేలిపోయింది.

వీటిలో రద్దీవి కొట్టేయడం సులువు. జొన్నాడ, సిద్ధాంతం వంతెనల మీద విజయవాడ వైపు పోయే బరువు బండ్లుంటాయి. ఎదుర్లంక, బోడసకుర్రు, చించినాడ వంతెనల మీదుగా కత్తిపూడి–ఒంగోలు తీర రహదారి, అంటే 216వ జాతీయ రహదారి పోతుంది. మన దారికి పక్కన పడే కోటిపల్లి రేవునూ వదిలేస్తే మిగిలినవి బ్యారేజీ, అక్విడక్టు, పంటు. ఈ మూడూ వరసగా ఏటవాలు గీత మీద ఉండటం మన ప్రయాణానికి వరం.

దారి ఇలా కుదురుతుంది. రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం వచ్చి, బ్యారేజీలో ధవళేశ్వరం, ర్యాలి ఆర్మ్‌లనే రెండు భాగాలు దాటితే బొబ్బర్లంక. మధ్య డెల్టా కాలువకు తల ఇక్కడే. కాలువ వెంట పూతరేకులకు పేరుపడ్డ ఆత్రేయపురం, ఆ తర్వాత కాలువ పాయలుగా చీలే లొల్ల లాకులు వస్తాయి. రావులపాలెం దగ్గర రహదారిని అడ్డంగా దాటి, కాలువ పక్కనో వశిష్ఠ ఏటిగట్టు పక్క ఊళ్ల మీదుగానో పి.గన్నవరం చేరాలి. ఇక్కడ నీళ్లే నదిని దాటుతాయి. వైనతేయకు అవతలి లంకకు సాగునీరు అందించడానికి 19వ శతాబ్దం మధ్యలో కట్టిన పాత అక్విడక్టు, దాని పక్కన డొక్కా సీతమ్మ పేరు పెట్టిన కొత్త అక్విడక్టు రెండూ కనిపిస్తాయి. కింద నది, పైన కాలువ, ఆ పక్కనే మనుషులు పోయే దారి. అవతల తాటిపాక, మలికిపురం దారుల్లో సఖినేటిపల్లి రేవు. అక్కడ పంటు మీద బైకుతో సహా వశిష్ఠ దాటితే నరసాపురం.

యాప్‌ను ఈ దారి మీద నడపాలంటే గమ్యం ఒక్కటే ఇస్తే చాలదు. బొబ్బర్లంక, లొల్ల, పి.గన్నవరం, సఖినేటిపల్లి రేవు అని ఒక్కొక్క దాటే చోటునూ మధ్య మజిలీగా పెట్టాలి. రెండు మజిలీల మధ్య దూరం చిన్నది కాబట్టి అది మహా అయితే చిన్న తప్పే చేయగలదు.

ఆకాశం నుంచి, గట్టు మీద నుంచి

ఉపగ్రహ చిత్రంలో కోనసీమ రోడ్లు సగం కనబడవు. కొబ్బరి మట్టలు కప్పేస్తాయి. అయినా ముదురాకుపచ్చ కొబ్బరి పట్టీ అంటే మెరక, మెరక అంటే ఊళ్లు, ఊళ్లంటే రోడ్డు. లేతాకుపచ్చ గళ్లు వరిచేలు. వాటి మధ్య తిన్నగా పోయే నీటిగీతకు రెండు పక్కలా చెట్లూ ఇళ్లూ ఉంటే అది పంట కాలువ. ఇళ్లు లేకుండా పల్లంలో వంకరగా పోతే మురుగు కాలువ. మొదటిదాని గట్టు నమ్మవచ్చు. రెండోదాని గట్టు వానాకాలంలో బురద.

పటంలో చాలామంది పట్టించుకోని సంగతి కాలువకు ఏ గట్టు మీద ఉన్నామన్నది. మామూలుగా ఒక గట్టుకే తారు ఉంటుంది. అవతలి గట్టు మట్టిదే. తారు ఉన్నట్టుండి అవతలి పక్కకు మారే చోట్లు కూడా ఉంటాయి. అక్కడ వంతెన ఉందో లేదో ముందే చూసుకోకపోతే గమ్యం ఎదురుగా కనిపిస్తున్నా తర్వాతి వంతెన దాకా చుట్టు తిరగాలి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాల్లో సెంటీమీటరుకు అర కిలోమీటరు లెక్కన కాలువలు, లాకులు, గట్లు, రేవులు విడివిడిగా గీసి ఉంటాయి. కొత్త రోడ్లు వాటిలో లేకపోవచ్చు గానీ, నీటి దారులు అంత తొందరగా మారవు. మన పని నీటితోనే కాబట్టి ఆ పాత పటం చాలా విషయాల్లో కొత్త యాప్ కంటే నమ్మదగ్గది.

ఆఖరి మాట స్థానికులది. అడగడంలోనూ పద్ధతి ఉంది. ‘ఈ దారి గన్నవరం వెళ్తుందాండీ?’ అంటే మర్యాదకైనా ‘వెళ్తుందండీ’ అంటారు. ‘గన్నవరం ఎటు వెళ్లాలండీ?’ అని అడిగి, ఆ తర్వాత ‘ట్రాక్టరు తిరుగుతుందా?’, ‘నిన్న వానకు పాడైందా?’, ‘అవతల గట్టుకు ఎక్కడ మారాలి?’ అని అడగాలి. ట్రాక్టరు తిరిగే దారిలో బైకు పోతుంది. కాలువల మీద తిరిగే లస్కర్లకు ప్రతి తూమూ ప్రతి గండీ తెలుసు. వాళ్లు చెప్పిన మాటను ఏ ఉపగ్రహమూ చెప్పలేదు.

జాగ్రత్తలు

గట్టు రోడ్డుకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క పల్లపు చేను. మలుపులో జారితే పడేది నీళ్లలోనే. చీకటి పడ్డాక, మంచు పట్టిన ధనుర్మాసపు తెల్లవారుజామున ఈ దారులు వద్దు. సార్వా, దాళ్వా కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. ఆ గింజల మీద బ్రేకు వేస్తే టైరు పట్టు తప్పుతుంది. పైగా అది ఒక కుటుంబం ఆరునెలల కష్టం. పక్కనుంచి నెమ్మదిగా పోవాలి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదను గమనించాలి. ధవళేశ్వరం దగ్గర విడుదలయ్యే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. వరద పెరిగితే పంట్లు ఆగిపోతాయి, లంకలకు పోయే కాజ్‌వేలు మునుగుతాయి. రేవు మీద ఆధారపడ్డ ప్రతి దారికీ ఒక వంతెన దారిని ప్రత్యామ్నాయంగా రాసి పెట్టుకోవాలి. కాజ్‌వే మీద పారే నీరు మోకాలి లోతులో ఉన్నా బైకును పక్కకు తోసేయగలదు. అలాంటి చోట వెనక్కి తిరగడమే సరైన దారి.

వేరే నేల, అదే పద్ధతి

కృష్ణా డెల్టాలో ప్రకాశం బ్యారేజీ నుంచి విచ్చుకునే బందరు, ఏలూరు కాలువల దగ్గర ఇదే పద్ధతి దాదాపు ఉన్నదున్నట్టు పనిచేస్తుంది. దక్కను పీఠభూమికి వచ్చేసరికి నేల తిరగబడుతుంది. నాగార్జునసాగర్ కుడి ఎడమ కాలువలు, శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ మెరక నడినెత్తిన పోవు. వాలు కోల్పోకుండా కొండల అంచులు చుట్టుకుంటూ పోతాయి. వాటి పక్క దారి దాదాపు సమతలంగా ఉంటుంది గానీ వంకరలు ఎక్కువ, దూరం ఎక్కువ. తెలంగాణలో గొలుసుకట్టు చెరువుల మధ్య దాటే చోట్లు చెరువు కట్టలు, అలుగులు, రైల్వే గేట్లు. అలుగు పారే రోజుల్లో కట్ట దారి తెగుతుంది. తూర్పు కనుమల్లో నదులకు బదులు కనుమ దారులే ద్వారాలు. అక్కడ ఘాట్ రోడ్డు ఏదో తేలితే దారి తేలినట్టే.

ఒక్క సంగతి ఎక్కడైనా మారదు: చిన్న దారి ముందు అక్కడివాళ్లది. 2018లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో లియోనియా అనే చిన్న పట్టణం రద్దీ వేళల్లో తన వీధుల్లోకి బయటి వాహనాలు రాకుండా నిషేధం పెట్టవలసి వచ్చింది. యాప్‌లు రహదారి రద్దీని ఆ ఇళ్ల మధ్యకు మళ్లించడమే కారణం. చిన్న దారి ప్రశాంతంగా ఉందంటే అక్కడివాళ్లు దాన్ని అలా వాడుకుంటున్నందువల్లే. పిల్లలు బడికి నడిచిపోయేది, గేదెలను తోలుకుపోయేది ఆ రోడ్డు మీదే. హారను మోగించకుండా, ముప్పై నలభై వేగం దాటకుండా, నలుగురైదుగురికి మించి గుంపు కట్టకుండా పోవడం ఆ దారికి మనం చెల్లించాల్సిన సుంకం.

తెలియని చోటికి బయల్దేరే ముందు కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. ఇక్కడి నేలను ముక్కలు చేస్తున్నవి ఏవి? వాటిని దాటే చోట్లు ఎక్కడెక్కడున్నాయి, వాటిలో బరువు బండ్లు పోనివి ఏవి? ఆ చోట్ల మధ్య ఉన్న ప్రతి దారినీ ఎవరు, దేనికోసం వేశారు? మూడో ప్రశ్నకు జవాబు తెలిసినవాడికి దారి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సాగుతుందో, ఎప్పుడు మునుగుతుందో ముందే తెలుస్తుంది. అప్పుడు ఆ ప్రాంతం అతనికి తెలియని ప్రాంతం కాదు.